పయనీర్ల వెనుకబాటు: అరవై వాట్ల వేడి, ముప్పై ఏళ్ల చిక్కు

సౌర కుటుంబం వెలుపలికి సాగిపోతున్న వ్యోమనౌక ఏడాది తర్వాత ఎక్కడ ఉంటుందో లెక్కకట్టడం ఖగోళ గణితానికి అలవాటైన పనే. సూర్యుని ఆకర్షణ, గ్రహాల ఆకర్షణ, సూర్యకాంతి ఒత్తిడి, సాపేక్ష సిద్ధాంతం కోరే చిన్న సవరణలు కలిపితే సరిపోవాలి. పయనీర్ 10, పయనీర్ 11 నౌకల విషయంలో ఇవన్నీ కలిపినా లెక్క కుదరలేదు. రెండు నౌకలూ ఉండవలసిన చోటికి ఎప్పుడూ కొంచెం వెనకే ఉన్నాయి. ఎవరో అతి మెల్లగా సూర్యుని వైపు లాగుతున్నట్టు వాటి వేగం అనుకున్న దానికంటే కాస్త ఎక్కువగా తగ్గుతూ వచ్చింది.

ఆ తేడా సెకను వర్గానికి 8.74 × 10⁻¹⁰ మీటర్లు. భూమి ఉపరితలం మీది గురుత్వ త్వరణంలో ఇది సుమారు వెయ్యి కోట్లలో ఒక వంతు. వేగం రూపంలో చూస్తే ఏడాది మొత్తానికి సెకనుకు 3 సెంటీమీటర్లు కూడా తగ్గదు. సెకనుకు 12 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతున్న నౌకకు అది లెక్కలోనిది కాదనిపిస్తుంది. కానీ దూరంలోని తేడా కాలం వర్గంతో పెరుగుతుంది. మొదటి ఏడాదికి 435 కిలోమీటర్లు, 30 ఏళ్లకు దాదాపు 3,90,000 కిలోమీటర్లు, అంటే భూమి నుంచి చంద్రునికి ఉన్నంత దూరం.

దీనికి జవాబు ఇప్పుడు తెలుసు. నౌక తన సొంత వేడిని అన్ని దిక్కులకూ సమానంగా వదలకపోవడమే కారణం. అయితే ఈ అనుమానం కొత్తది కాదు. తేడాను తొలిసారి గమనించింది 1980లో. వేడి సంగతి మొదటి నుంచీ పరిశోధకుల దృష్టిలో ఉంది. ఆ అనుమానం రుజువై స్థిరపడింది 2012లో. చేతికి అందేంత దగ్గర ఉన్న జవాబును ఇంతకాలం పక్కన పెట్టడానికి కారణం అశ్రద్ధ కాదు. పక్కన పెట్టడానికి అప్పట్లో బలమైన కారణమే ఉంది. ఆ కారణం ఎక్కడ వీగిపోయిందన్నదే ఈ కథలో అసలు ఆసక్తి.

పయనీర్ 10ను 1972 మార్చిలో, పయనీర్ 11ను 1973 ఏప్రిల్‌లో ప్రయోగించారు. మొదటిది 1973 డిసెంబర్‌లో గురుగ్రహాన్ని దాటిన తొలి నౌక అయింది. రెండోది 1974 డిసెంబర్‌లో గురుగ్రహాన్ని, 1979 సెప్టెంబర్‌లో శనిని దాటింది. ఆ తర్వాత రెండూ సౌర కుటుంబం నుంచి దాదాపు ఎదురెదురు దిక్కుల్లో బయటికి సాగాయి. ఒక్కొక్కటి ప్రయోగించినప్పుడు 260 కిలోలకు కాస్త తక్కువ బరువు. ముందు భాగాన 2.74 మీటర్ల వ్యాసం గల పళ్లెం ఆకారపు యాంటెన్నా ఎప్పుడూ భూమి వైపు చూస్తూ ఉంటుంది. దాని వెనుక ఎలక్ట్రానిక్ పరికరాల పెట్టె. పక్కలకు చాచిన రెండు పొడవాటి చేతుల చివర ప్లుటోనియం 238తో నడిచే నాలుగు విద్యుత్ జనకాలు. ఈ అమరికను గుర్తుంచుకోవాలి. చిక్కు పడిందీ, విడిందీ దీనివల్లే.

వందల కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న నౌక వేగాన్ని ఇంత సూక్ష్మంగా కొలవడం ఎలా అన్న ప్రశ్న సహజం. కొలత అంతా రేడియో తరంగాల డాప్లర్ మార్పు మీద, అంటే నౌక కదలిక వల్ల తరంగాల పౌనఃపున్యంలో వచ్చే తేడా మీద ఆధారపడింది. గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెర్రాల వద్ద ఉన్న భారీ యాంటెన్నాల నుంచి సుమారు 2.11 గిగాహెర్ట్జ్‌ల సంకేతం బయలుదేరుతుంది. నౌకలోని పరికరం దాన్ని అందుకుని, పౌనఃపున్యాన్ని ఒక స్థిరమైన నిష్పత్తిలో పెంచి, 2.29 గిగాహెర్ట్జ్‌ల దగ్గర తిరిగి పంపుతుంది. నౌకలో ప్రత్యేకంగా గడియారమేదీ అక్కర్లేదు. ఖచ్చితత్వమంతా భూమి మీది హైడ్రోజన్ మేజర్ గడియారాలదే. తిరిగి వచ్చిన సంకేతం పౌనఃపున్యం లెక్కతో సరిపోలుతోందా అన్నదే పరీక్ష. పయనీర్ల విషయంలో అది కొద్దికొద్దిగా పెరుగుతూ పోయింది. 229 కోట్ల హెర్ట్జ్‌ల సంకేతంలో ఎనిమిదేళ్లకు ఒకటిన్నర హెర్ట్జ్. ఇంత చిన్న తేడా పట్టుబడిందంటే ఆ కొలత నాణ్యత ఎలాంటిదో ఊహించవచ్చు.

మరి ఇదే పని వాయేజర్లు ఎందుకు చేయలేకపోయాయి? అవి మూడు అక్షాల స్థిరత్వం గల నౌకలు. యాంటెన్నాను భూమి వైపు నిలపడానికి చిన్న చిన్న వాయు జెట్లను తరచుగా వాడుతూనే ఉండాలి. ఆ ప్రతి విడుదలా నౌకను కొద్దిగా నెడుతుంది. ఆ సందడిలో ఇంత బలహీనమైన ప్రభావం మునిగిపోతుంది. పయనీర్లు మాత్రం బొంగరంలా తమ చుట్టూ తాము తిరుగుతూ స్థిరంగా నిలిచే రకం. నెలల తరబడి వాటిని కదిలించే అవసరం రాదు. తర్వాతి కాలంలో వచ్చిన ఎన్నో అధునాతన నౌకల కంటే ఈ పాత నౌకలే సున్నితమైన గురుత్వ పరీక్షకు పనికొచ్చాయి.

పయనీర్ 10 సూర్యుని నుంచి 20 ఖగోళ ప్రమాణాలు దాటినప్పుడు, అంటే భూమి సూర్యుల మధ్య దూరానికి 20 రెట్లు వెళ్లినప్పుడు, సూర్యకాంతి ఒత్తిడి బాగా తగ్గింది. అప్పటిదాకా దాని వెనుక దాగి ఉన్న శేషం బయటపడింది. నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో జాన్ ఆండర్సన్ దాన్ని గమనించారు. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇంకా దూరం వెళ్తే పోతుందని అనుకున్నారు. అది పోలేదు. ఆండర్సన్, స్లావా తురిషెవ్, లాస్ అలమోస్‌కు చెందిన మైఖేల్ మార్టిన్ నీటో, మరికొందరు కలిసి 1998లో ఈ సంగతిని భౌతిక శాస్త్ర లోకం ముందు పెట్టారు. 2002లో మరింత విపులమైన విశ్లేషణ వెలువడింది. వేరే బృందం రాసిన వేరే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తోనూ అదే ఫలితం రావడంతో ఇది లెక్కల పొరపాటు కాదని తేలింది.

దిక్కు తెలియని బలం

ఒక బలం గురించి అడగవలసిన మొదటి ప్రశ్న అది ఎటు లాగుతోందని. ఇక్కడే ఒక విచిత్రమైన ఇబ్బంది ఎదురైంది. బలం సూర్యుని వైపు ఉంటే గురుత్వాకర్షణను అనుమానించాలి. భూమి వైపు ఉంటే సంకేతాలనో, గడియారాలనో అనుమానించాలి. నౌక ప్రయాణించే దిశకు సరిగ్గా ఎదురుగా ఉంటే ధూళి వంటి దేనితోనో రాపిడి జరుగుతోందని అనుకోవాలి. నౌక తిరుగుతున్న అక్షం వెంట ఉంటే కారణం నౌకలోనే ఉంది. నాలుగు దిక్కులు, నాలుగు వేర్వేరు నేరస్థులు.

కానీ 40 ఖగోళ ప్రమాణాల దూరం నుంచి చూస్తే భూమికీ సూర్యునికీ మధ్య కోణం ఎప్పుడూ ఒకటిన్నర డిగ్రీని మించదు. యాంటెన్నా భూమి వైపే చూస్తుంది కనుక భ్రమణ అక్షం కూడా అటే. నౌక సూర్యుని నుంచి దూరంగా పోతోంది కనుక ప్రయాణ రేఖ కూడా దాదాపు అదే. నాలుగు దిక్కులూ ఒకే గీతగా కలిసిపోయాయి. అంటే డాప్లర్ కొలతలు తేడా ఎంతో చెప్పగలిగాయి గానీ ఎటు వైపు నుంచో తేల్చలేకపోయాయి. సూర్యునికి దగ్గరగా ఉన్న తొలినాళ్ల కొలతల్లో ఆ కోణాలు పెద్దవి. 2002 నాటి విశ్లేషణలో ఆ తొలినాళ్ల కొలతలు లేవు. అందులో వాడినవి పయనీర్ 10కు 1987 నుంచి 1998 వరకు, పయనీర్ 11కు 1987 నుంచి 1990 వరకు ఉన్నవి మాత్రమే.

ఈ ఖాళీలోకి సిద్ధాంతాలు వరదలా వచ్చాయి. గురుత్వాకర్షణ నియమం దూరాన మారుతుందన్నారు. కంటికి కనబడని కృష్ణ పదార్థం లాగుతోందన్నారు. నెప్ట్యూన్‌కు ఆవల మంచు వస్తువులతో నిండిన కైపర్ వలయం ద్రవ్యరాశిని తెచ్చారు. కాలమే సమంగా నడవడం లేదన్నారు. అన్నిటికంటే ఎక్కువ మందిని ఊరించింది ఒక అంకెల పోలిక. విశ్వ విస్తరణ రేటును తెలిపే హబుల్ స్థిరాంకాన్ని కాంతివేగంతో గుణిస్తే సెకను వర్గానికి సుమారు 7 × 10⁻¹⁰ మీటర్లు వస్తుంది. పయనీర్ల తేడాకు ఇది చాలా దగ్గర. ఒక యంత్రంలోని చిన్న తేడాకూ విశ్వం మొత్తానికీ సంబంధం ఉందనుకోవడంలో ఆకర్షణ ఉంది, కాదనలేం. అయితే భౌతిక శాస్త్రంలో స్థిరాంకాలు చాలా ఉన్నాయి. వాటిని రకరకాలుగా గుణించి భాగించే వీలున్నప్పుడు ఏదో ఒకటి కావలసిన అంకెకు దగ్గరగా రావడం పెద్ద విశేషం కాదు. పోలిక వెనుక పనిచేసే తీరు ఏమిటో చూపలేకపోతే దాన్ని సాక్ష్యంగా తీసుకోలేం.

కొత్త గురుత్వాకర్షణను దెబ్బతీసిన వాదన ఒకటి 2002 విశ్లేషణలోనే ఉంది. దాని బలాన్ని చాలామంది గుర్తించలేదు. ఆకర్షణ అందరికీ ఒకటే. నౌకను లాగే శక్తి గ్రహాన్ని కూడా లాగాలి. సూర్యుని వైపు ఇంత అదనపు త్వరణం భూమి మీద, అంగారకుని మీద పనిచేస్తే భూకక్ష్య వ్యాసార్ధం 20 కిలోమీటర్లకు పైగా, అంగారకునిది 75 కిలోమీటర్లకు పైగా మారాలి. 1976లో అంగారకునిపై దిగిన వైకింగ్ నౌకలతో జరిపిన రేడియో కొలతలు ఆ దూరాలను కిలోమీటరు కంటే ఎంతో సూక్ష్మంగా చెప్పగలవు. అలాంటి తేడా జాడే లేదు. కాబట్టి కొత్త గురుత్వాకర్షణ నిజమే అయితే అది గ్రహాలను వదిలేసి, పావు టన్ను బరువున్న మానవ నిర్మిత వస్తువులనే ఎంచుకుని లాగాలి, లేదా గురుగ్రహం దాటిన తర్వాతే హఠాత్తుగా మొదలవాలి. అలాంటి సిద్ధాంతాన్ని నిర్మించలేమని కాదు. కానీ ప్రతి మినహాయింపుతోనూ అది పలచబడిపోతుంది.

కైపర్ వలయం వాదన త్వరగానే వీగింది. అంత లాగడానికి అక్కడ ద్రవ్యరాశి చాలదు. పైగా వలయాన్ని సమీపించే కొద్దీ, దాటే కొద్దీ ఆ ఆకర్షణ మారుతూ ఉండాలి. ఏదో ఒక పక్కన కనిపించని పెద్ద వస్తువు ఉందనుకున్నా కుదరదు. రెండు నౌకలూ ఎదురెదురు దిక్కుల్లో పోతూ, రెండూ దాదాపు ఒకే పరిమాణంలో వెనక్కి లాగుడు పడుతున్నాయి. ధూళి రాపిడి వాదనకూ అంత చిక్కని ధూళి అక్కడ దొరకలేదు.

వేడి నెట్టే తీరు

కాంతికి ద్రవ్యరాశి లేకపోయినా ద్రవ్యవేగం ఉంది. వేడి వస్తువు వెదజల్లే పరారుణ కిరణాలూ కాంతే. ఒక వస్తువు ఒక దిక్కుకు కిరణాలు వదిలితే అది ఎదురు దిక్కుకు నెట్టుకుపోతుంది. ఆ బలం వదిలిన శక్తి రేటును కాంతివేగంతో భాగిస్తే వస్తుంది. కాంతివేగం అంత పెద్దది కనుక బలం అత్యల్పం. ఒక వాట్ వేడి మొత్తం ఒకే దిక్కుకు పోయినా 3.3 నానోన్యూటన్ల బలమే పుడుతుంది.

పయనీర్ బరువు ఇంధనం ఖర్చయ్యాక సుమారు 240 కిలోలు అనుకుంటే, గమనించిన త్వరణానికి కావలసిన బలం 0.2 మైక్రోన్యూటన్. భూమి మీద 21 మైక్రోగ్రాముల వస్తువు తూకమది. దీన్ని కాంతివేగంతో గుణిస్తే 63 వాట్లు. ప్రయోగించిన నాడు ఒక్కో నౌకలోని ప్లుటోనియం వదిలే మొత్తం వేడి సుమారు 2,500 వాట్లు. అందులో 100కు రెండున్నర పాళ్లు యాంటెన్నాకు వెనుక వైపు, అంటే సూర్యునికి దూరంగా, ఎక్కువగా పోయినా చాలు, మొత్తం తేడా తీరిపోతుంది. ఈ గుణకారం చేయడానికి ఒక కాగితం ముక్క చాలు. పరిశోధకులు అది చేయకపోలేదు. పైగా నౌక భూమి వైపు పంపే 8 వాట్ల రేడియో కిరణం నౌకను సూర్యుని నుంచి దూరంగా నెడుతుందని, దానివల్ల అసలు తేడా ఇంకా 1.1 × 10⁻¹⁰ పెరుగుతుందని కూడా వాళ్లు లెక్కలో వేసుకున్నారు. 8 వాట్లను అంత జాగ్రత్తగా లెక్కలోకి తీసుకున్నవారు 2,500 వాట్లను మరిచిపోతారా?

వేడిని పక్కన పెట్టడానికి వాళ్లు చెప్పిన కారణాలు రెండు. మొదటిది, విద్యుత్ జనకాలు నౌక దేహానికి దూరంగా చేతుల చివర ఉన్నాయి, ముందుకూ వెనక్కూ వేడిని దాదాపు సమానంగా వదులుతాయి. రెండోది ఇంకా బలమైనది. ప్లుటోనియం 238 అర్ధాయువు 87.7 ఏళ్లు. వేడి తగ్గుతూ పోవాలి. విద్యుత్తు ఇంకా వేగంగా తగ్గుతుంది, ఎందుకంటే వేడిని విద్యుత్తుగా మార్చే ఉష్ణయుగ్మాలు కూడా కాలక్రమంలో క్షీణిస్తాయి. పయనీర్ 10లో ప్రయోగ సమయానికి 155 వాట్లున్న విద్యుత్తు 2001 నాటికి 65 వాట్ల దరిదాపులకు పడిపోయింది. కారణం వేడే అయితే లాగుడు కూడా తగ్గాలి. కొలతల్లో అది స్థిరంగా కనబడుతోంది. కనుక వేడి కాదు.

వాదన తర్కం నిర్దోషంగా ఉంది. తప్పు 'స్థిరంగా' అన్న చోట ఉంది. 11 ఏళ్లలో ప్లుటోనియం వేడి తగ్గేది 100కు 8 లేదా 9 పాళ్లు. గమనించిన త్వరణం విలువలో అనిశ్చితి 1.33 × 10⁻¹⁰, అంటే 100కు 15 పాళ్లు. ఆ పొగమంచులో అంత చిన్న తగ్గుదల కనబడదు. విద్యుత్తు నుంచి వచ్చే వేడి తగ్గుదల ఇంకా పెద్దదే గానీ, నౌక దిశను సరిచేసిన ప్రతిసారీ వేగంలో వచ్చే చిన్న మార్పును కూడా తెలియని రాశిగా పెట్టి అదే కొలతల నుంచి రాబట్టవలసి ఉంటుంది. అలాంటి రాశులు కొన్ని ఉన్నప్పుడు నెమ్మదైన వాలును అవి మింగేయగలవు. 'తగ్గుతున్నట్టు కనబడలేదు' అన్నదానికీ 'తగ్గడం లేదు' అన్నదానికీ మధ్య దూరం పెద్దది. పయనీర్ల తేడా గురించి వెలువడిన సిద్ధాంత వ్యాసాల్లో అధిక భాగం రెండో వాక్యాన్ని నమ్మి, స్థిరమైన త్వరణాన్ని వివరించడానికి పూనుకున్నాయి.

వేడిని సమర్థించినవారు లేకపోలేదు. 1998 వ్యాసం వచ్చిన కొద్దికాలానికే ఎడ్వర్డ్ మర్ఫీ, జొనాథన్ కాట్జ్ విడివిడిగా అభ్యంతరాలు రాశారు. పరికరాల పెట్టె వెనుక వైపు నుంచే వేడి ఎక్కువగా బయటపడుతుందన్నది మర్ఫీ వాదన. జనకాల వేడి పళ్లెం యాంటెన్నా వీపుకు తగిలి వెనక్కి మళ్లుతుందన్నది కాట్జ్ వాదన. 2003లో లూయిస్ షెఫర్ మామూలు బలాలతోనే తేడా మొత్తాన్ని వివరించవచ్చని రాశారు. ఇప్పుడు వెనుదిరిగి చూస్తే మర్ఫీ, కాట్జ్ ఇద్దరూ ఒప్పే. కానీ అప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది ఉజ్జాయింపు. ఒకరు ఇంత అని, మరొకరు అంత కాదని అనుకుంటూ ఉంటే తేలేది కాదు. నౌక ఏ ఉపరితలం ఏ ఏడాది ఎంత వేడిగా ఉందో తెలిస్తే తప్ప వాదన ముందుకు కదలదు.

ఆ ఉష్ణోగ్రతలు నౌకలే స్వయంగా చెప్పాయి, అదీ 1970ల నుంచి. ప్రతి పయనీరూ తన భాగాల ఉష్ణోగ్రతలను, వోల్టేజీలను, విద్యుత్ ప్రవాహాలను టెలిమెట్రీగా భూమికి పంపుతూ వచ్చింది. దాన్ని నౌక ఆరోగ్యం చూసుకోవడానికి వాడారు, ఆ తర్వాత దాని అవసరం తీరింది. డాప్లర్ కొలతలు పాత అయస్కాంత టేపుల్లో, ఎవరూ వాడని పద్ధతుల్లో రాసి ఉన్నాయి. నౌక నిర్మాణ పత్రాలు, నక్షలు చెత్తబుట్టలోకి పోయే దశకు చేరుకున్నాయి. తురిషెవ్, కెనడాకు చెందిన ప్రోగ్రామర్ విక్టర్ టోథ్, మరికొందరు వీటిని సేకరించి, నేటి కంప్యూటర్లు చదవగలిగేలా మార్చారు. ప్లానెటరీ సొసైటీ సభ్యుల విరాళాలు ఈ పనికి తోడ్పడ్డాయి. గురుత్వాకర్షణను సవరించే వ్యాసాలతో పోలిస్తే ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. చిక్కును విడదీసింది మాత్రం ఈ పనే.

కొలతల కాలం ఇలా పెరిగింది. పయనీర్ 10కు 23 ఏళ్లు, పయనీర్ 11కు 11 ఏళ్లు. 2011లో వెలువడిన విశ్లేషణలో తగ్గుదల కనబడింది. త్వరణం స్థిరంగా ఉందనుకోవడం కంటే ఏటా సుమారు 2 × 10⁻¹¹ చొప్పున తగ్గుతోందనుకుంటే కొలతలతో మరింత బాగా సరిపోయింది. అంటే ఏటా 100కు రెండు పాళ్లకు కాస్త పైన. ఈ రేటు ఆసక్తికరం. ప్లుటోనియం వేడి ఏటా తగ్గేది 100కు 0.8 పాలు. విద్యుత్తు 155 నుంచి 65 వాట్లకు పడిన లెక్కన అది ఏటా 3 పాళ్ల దాకా తగ్గుతోంది. గమనించిన రేటు ఈ రెంటి మధ్య పడింది. రెండు రకాల వేడీ కలిసి పనిచేస్తే సరిగ్గా ఇలాగే ఉండాలి.

2012లో వచ్చిన ఫలితం దీనికి రెండో కొస. ఈసారి డాప్లర్ కొలతలను ముట్టుకోకుండా, నక్షల నుంచి, టెలిమెట్రీ నుంచి మాత్రమే నౌక ఉష్ణ నమూనాను కంప్యూటర్‌లో కట్టారు. ప్రతి ఉపరితలం ఎంత వేడిని ఏ దిక్కుకు వదులుతుందో లెక్కించారు. రెండు అంకెలు తేలాయి. జనకాల వేడిలో 100కు సుమారు ఒక పాలు మాత్రమే నౌకను నెట్టడానికి పనికొస్తుంది. పరికరాల పెట్టెలో ఖర్చయ్యే విద్యుత్తు వేడిలో మాత్రం 100కు 40 పాళ్లు పనికొస్తుంది. మొదటి అంకె వింటే జనకాలు దాదాపు సమానంగానే వదులుతాయన్న పాత నమ్మకం తప్పు కాదని తెలుస్తుంది. కానీ 2,000 వాట్లకు పైబడిన వేడిలో ఒక పాలు కూడా 20 వాట్ల పైమాటే. రెండో అంకెకు కారణం నౌక అమరిక. పెట్టె చుట్టూ వేడి పోకుండా ఉష్ణ నిరోధక పొరలు చుట్టారు, ముందు వైపు యాంటెన్నా పళ్లెం అడ్డు. అధిక వేడి బయటికి పోవడానికి రెక్కల కిటికీలు పెట్టింది వెనుక వైపునే. పరికరాలను వెచ్చగా ఉంచడానికి చేసిన ఏర్పాటే నౌకను నిదానంగా సూర్యుని వైపు నెట్టే చిమ్నీ అయింది.

ఉష్ణ నమూనా చెప్పిన బలంతో, డాప్లర్ కొలతలు చెప్పిన బలాన్ని పోల్చారు. తేడాలో 100కు 80 పాళ్లు వేడి ఖాతాలో పడ్డాయి. మిగిలిన 20 పాళ్లు రెండు లెక్కల అనిశ్చితిలోనే ఇమిడిపోతాయి. ఆ అనిశ్చితిలో పెద్ద వాటా జనకాల పూతది. దశాబ్దాల పాటు అంతరిక్షంలో ఉన్న తెల్లని పూత ముందు వైపు ఒకలా, వెనుక వైపు ఒకలా పాతబడితే వేడి వదిలే తీరు కూడా మారుతుంది. దాన్ని వెళ్లి చూసి వచ్చే వీలు లేదు. జర్మనీలోని బ్రెమెన్‌లో, పోర్చుగల్‌లో వేరే బృందాలు వేరే పద్ధతులతో కట్టిన ఉష్ణ నమూనాలు కూడా ఇదే నిర్ణయానికి వచ్చాయి. ఆ 20 పాళ్లను పట్టుకుని కొత్త భౌతిక శాస్త్రం ఇంకా బతికే ఉందని అప్పుడప్పుడూ వినబడుతుంది. నూటికి ఎనభై పాళ్లు తెలిసిన కారణానికి చెంది, కాలంతో తగ్గే తీరు కూడా ఆ కారణంతోనే సరిపోతున్నప్పుడు, కొలత అనిశ్చితిని మించని శేషానికి వేరే కర్తను వెతకడం పట్టుదల మాత్రమే.

వేడి ఒక వస్తువును దారి తప్పించగలదా అన్న సందేహం ఇంకా ఉన్నవారికి గ్రహశకలాలు జవాబు చెబుతాయి. బెన్ను అనే గ్రహశకలం అడ్డుకొలత సుమారు అర కిలోమీటరు. సూర్యుని వేడిని పగటి వైపు పీల్చి, తిరుగుతూ సాయంకాలం వైపు నుంచి వదలడం వల్ల దాని కక్ష్య ఏటా సుమారు 284 మీటర్లు కుంచించుకుంటోంది. యార్కోవ్‌స్కీ ప్రభావం అని దీనికి పేరు. సూత్రం పయనీర్లదే, వేడి వచ్చే చోటు మాత్రం వేరు. ఇప్పుడు అణు విద్యుత్ జనకాలతో దూరం వెళ్లే నౌకల మార్గాన్ని లెక్కించేటప్పుడు, 2017లో ప్రస్థానం ముగిసిన కస్సీనీలోలాగే న్యూ హొరైజన్స్‌లోనూ, ఈ ఉష్ణ బలాన్ని మార్గ నిర్దేశకులు విడిగా లెక్కలో వేసుకుంటారు. పయనీర్ల తేడాను తేల్చడానికే ఒక కొత్త నౌకను పంపాలని 2000ల మధ్యలో ప్రతిపాదనలు కూడా వచ్చాయి. టేపుల నుంచి జవాబు దొరకడంతో వాటి అవసరం తీరిపోయింది.

భూమి దగ్గరి లెక్క

అయితే నౌకల ఊహించని వేగాలన్నీ వేడితో తీరేవి కావు. సౌర కుటుంబం దూర ప్రాంతాలకు వెళ్లే నౌకలు మధ్యలో భూమి పక్క నుంచి దూసుకుపోయి, దాని ఆకర్షణ సాయంతో వేగం పెంచుకుంటాయి. అలా దాటేటప్పుడు కొన్నిటిలో లెక్కకు అందని చిన్న మార్పు కనబడింది. 1990 డిసెంబర్‌లో గెలీలియో సెకనుకు సుమారు 4 మిల్లీమీటర్లు, 1998 జనవరిలో నియర్ నౌక 13 మిల్లీమీటర్లకు పైగా, 2005లో రొసెట్టా 2 మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా అదనపు వేగం పొందాయి.

రెండు సంగతులనూ ఒకే గాటన కట్టడం తరచుగా కనబడుతుంది. అంకెలు చూస్తే అది కుదరదు. పయనీర్ల స్థాయి ఉష్ణ బలం మూడు గంటల పాటు పనిచేస్తే వేగంలో వచ్చే మార్పు సెకనుకు ఒక మిల్లీమీటరులో నూరో వంతు. నియర్ చూపిన మార్పు దానికి వెయ్యి రెట్లకు పైన. వేడితో దాన్ని వివరించాలంటే నౌక కొలిమిలా మండుతూ ఉండాలి. పైగా ఈ మార్పు భూమికి అతి దగ్గరగా వచ్చిన కొద్ది గంటల్లోనే పుడుతుంది, ఏళ్ల తరబడి నిదానంగా పేరుకునేది కాదు. కాబట్టి ఇక్కడ వెతకవలసిన చోట్లు వేరు: భూమి గురుత్వ నమూనాలోని సూక్ష్మ భాగాలు, పైవాతావరణం, నౌక కొన్ని గంటల పాటు యాంటెన్నాలకు కనబడకుండా పోయే విరామం, సంకేతాల సవరణలు.

2008లో ఆండర్సన్ బృందం ఈ మార్పులన్నిటికీ సరిపోయే ఒక సూత్రాన్ని ప్రతిపాదించింది. నౌక ఏ అక్షాంశం వైపు నుంచి వచ్చి ఏ అక్షాంశం వైపు పోతుందన్న దాని మీద, భూమి తిరిగే వేగం మీద అది ఆధారపడింది. ఉన్న కొలతలకు చక్కగా సరిపోయింది. చాలా తక్కువ కొలతలకు సరిపోయేలా రాసిన సూత్రం వాటికి సరిపోవడం ఎంత నమ్మదగ్గ సంగతో, తర్వాతి నౌకలు వచ్చి చెప్పాలి. రొసెట్టా 2007లో, 2009లో మళ్లీ భూమిని దాటింది, తేడా కనబడలేదు. 2013 అక్టోబర్‌లో గురుగ్రహం వైపు పోతున్న జూనో భూమికి 560 కిలోమీటర్ల ఎత్తులో దూసుకుపోయింది. దాన్ని మునుపటి కంటే మెరుగైన నమూనాలతో గమనించారు. దానిలోనూ లెక్కకు మించిన వేగమేదీ బయటపడలేదు. గెలీలియో, నియర్‌ల అంకెలు మాత్రం ఇప్పటికీ తేలకుండా అలాగే ఉన్నాయి.